పలికే పుస్తకం

ఒకాయన రోజూ బస్సులో ఆఫీసుకు పోతూ వస్తూ, చెవికి తీగ తగిలించుకొని, పది రోజులలో ఒక నవల అంతా వింటాడు. తర్వాత ఎవరితోనో "ఆ నవల చదివాను" అంటాడు. "చదవడం ఏమిటి, విన్నానని చెప్పు" అని పక్కనున్నవారు సరిదిద్దుతారు. సెల్‌ఫోనులు వచ్చిన తర్వాత పుట్టిన కొత్త తగవు ఇది అని చాలామంది అనుకుంటారు. కాని దీని వయస్సు దాదాపు తొంభై ఏళ్లు. పుట్టిన రోజుల్లో ఇది కాలక్షేపానికి పడే తగవు కాదు. చూపు లేని మనిషికి పుస్తకం అందించడమంటే ఏమి అందించడం, అందుకు ప్రజాధనం వెచ్చించవచ్చునా అన్న ప్రశ్నలు దీనిమీదనే ఆధారపడి ఉండేవి.

ఇంకా వెనుకకు పోతే ఈ తగవు తలకిందులుగా కనిపిస్తుంది. సంస్కృతంలో 'పఠ్' అనే ధాతువుకు మొదటి అర్థం నోటితో వల్లించడమే. పండితుణ్ణి మనవారు 'బహుశ్రుతుడు' అన్నారు. అంటే చాలా విన్నవాడని అర్థం. చాలా పుస్తకాలు తిరగవేసినవాడని కాదు. 'పాణినీయ శిక్ష' అనే ఉచ్చారణ గ్రంథం అధమ పాఠకులు ఆరుగురిని లెక్కపెడుతూ, వ్రాసిన ప్రతిని చూచి చదివేవాణ్ణి కూడా ఆ జాబితాలో చేర్చింది. నోటికి రానిది చదువు కాదని ఆనాటి తీర్పు.

పడమటి దేశాలలోనూ చెవికే చాలాకాలం పెద్దరికం ఉండేది. మిలాన్ నగరపు బిషప్ ఆంబ్రోస్ పెదవి కదపకుండా, గొంతు విప్పకుండా చదువుకుంటూ ఉండడాన్ని నాలుగవ శతాబ్దం చివర చూచిన అగస్టీన్, ఆ విషయాన్ని తన ఆత్మకథలో ప్రత్యేకంగా వ్రాసుకొన్నాడు. మౌనంగా చదవడం అప్పట్లో బొత్తిగా లేదని దీనివల్ల తేలదు. అయితే అది వ్రాసుకోదగినంత విశేషంగా ఆయనకు తోచిందన్న మాట నిజం. దీనికి ఒక కారణం వ్రాతలోనే ఉన్నది. ఆనాటి లాటిన్ ప్రతులలో మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండేది కాదు. మన తాళపత్రాలలో కూడా అంతే. అక్షరాలన్నీ ఒకే గొలుసుగా ఉన్నప్పుడు ఒక మాట ఎక్కడ ముగిసిందో కంటి కంటె చెవి త్వరగా పట్టుకొంటుంది. ఏడు, ఎనిమిది శతాబ్దాలలో ఐర్లండు సన్యాసులు లాటిన్ మాటలను విడివిడిగా వ్రాయసాగారు. ఆ అలవాటు క్రమంగా ఐరోపా అంతటా పాకింది. నోటితో పనిలేకుండా కన్ను ఒంటరిగా చదవడం దానివల్ల సులభమైంది.

ముద్రణ వచ్చి ఆ అలవాటు లోకమంతటా స్థిరపడిన చాలాకాలానికి, 1877లో, తామస్ ఆల్వా ఎడిసన్ ఫోనోగ్రాఫును తయారు చేశాడు. ఒక స్తంభానికి తగరపు రేకు చుట్టి, దానిమీద ముల్లు ఆన్చి, మాట తాలూకు కంపనాలను నొక్కులుగా మలచే యంత్రం అది. మరుసటి సంవత్సరం ఒక పత్రికలో ఈ యంత్రపు ఉపయోగాలను ఆయన ఏకరువు పెట్టాడు. ఉత్తరాలు చెప్పి వ్రాయించడం, పిల్లలకు ఉచ్చారణ నేర్పడం వంటి వాటితో పాటు, అంధులకు పుస్తకాలు చదివి వినిపించడం కూడా అందులో ఉన్నది. పది అంగుళాల చదరపు లోహపు పలక మీద నలభై వేల మాటల గ్రంథం పట్టే రోజు వస్తుందని ఆయన ఆశపడ్డాడు. నిజానికి ఆనాటి తగరపు రేకు పట్టింది నాలుగు మాటలు. అవి కూడా కొద్దిసార్లు తిప్పేసరికి చెరిగిపోయేవి.

ఎడిసన్ ఊహకూ పుస్తకానికీ మధ్య యాభై ఏళ్లకు పైగా నిలిచిన అడ్డంకి ఏదో తెలుసుకోవాలంటే కొంచెం లెక్క వేయాలి. గ్రామఫోను రికార్డు మీద ఉండేది ఒకే ఒక గాడి. అది అంచునుంచి మధ్యకు చుట్లు చుట్లుగా పోతుంది. రికార్డు ఒకసారి తిరిగితే ముల్లు ఒక చుట్టు లోపలికి జరుగుతుంది. కాబట్టి మొత్తం చుట్ల సంఖ్యను నిమిషానికి తిరిగే చుట్లతో భాగిస్తే అది ఎన్ని నిమిషాలు పలుకుతుందో తెలుస్తుంది. 12 అంగుళాల రికార్డు మీద గాడికి దొరికే జాగా సుమారు మూడున్నర అంగుళాల వెడల్పు. పాతకాలపు లక్క రికార్డులో అంగుళానికి 100 చుట్ల చొప్పున అందులో 350 చుట్లు పడతాయి. అది నిమిషానికి 78 సార్లు తిరుగుతుంది. అంటే ఒక వైపు నాలుగున్నర నిమిషాలు. పాటకు ఇది చాలును. కాని పైకి చదవడానికి పది గంటలు పట్టే నవలకు దాదాపు 67 రికార్డులు కావాలి. వాటిని 130 సార్లకు పైగా పెట్టి తీయాలి. అలా వినడానికి ఎవరికీ ఓపిక ఉండదు.

మార్గం ఒక్కటే. గాడిని సన్నగా వేయాలి, రికార్డును మెల్లగా తిప్పాలి. మెల్లగా తిప్పితే ధ్వని తరంగాలు గాడిలో ఒకదానినొకటి ఒరుసుకొనేటంత దగ్గరగా పడతాయి. హెచ్చు స్థాయి స్వరాలు మరీ చిన్న అలలై ముల్లుకు అందకుండా పోతాయి. సంగీతానికి ఇది పెద్ద నష్టం, వయొలిను తన గుణమే కోల్పోతుంది. మనిషి మాట అట్లా కాదు. సెకనుకు మూడున్నర వేల కంపనాల లోపలనే అది చక్కగా అర్థమవుతుంది. టెలిఫోను నడిచేది ఈ సూత్రం మీదనే. సంగీత ప్రియులు ఒప్పుకోని రికార్డు పుస్తక ప్రియులకు సరిపోతుందన్నమాట. అంగుళానికి 150 చుట్లు వేసి, నిమిషానికి 33⅓ సార్లు తిప్పితే, ఒక వైపు పదిహేను నిమిషాలు పలుకుతుంది. అదే నవల 20 రికార్డులలో ఇముడుతుంది. అమెరికాలో అంధులకోసం 1934లో వచ్చిన రికార్డులు ఈ కొలతవే. ఇదే వేగంతో తిరిగే సంగీతపు లాంగ్ ప్లే రికార్డు అంగట్లో నిలదొక్కుకొన్నది 1948 తర్వాతనే. చూపు ఉన్నవారికంటె పద్నాలుగేళ్లు ముందుగా అంధులకు ఈ సౌకర్యం అమరిందన్న విషయం శాస్త్ర చరిత్రలలో తరచుగా మరుగున పడుతుంది.

ఇంత శ్రమ అవసరమైనది ఎందుకు? అంధులకు బ్రెయిలీ లిపి అప్పటికే ఉన్నది గదా! మూడేళ్ల వయస్సులో కంటికి దెబ్బ తగిలి, క్రమంగా రెండు కళ్లూ పోగొట్టుకొన్న ఫ్రెంచి బాలుడు లూయీ బ్రెయిలీ ఆ లిపిని తీర్చిదిద్ది, 1829లో ప్రకటించాడు. ఆరు చుక్కల అమరికతో 63 గుర్తులు ఏర్పడతాయి. వ్రేలి కొసతో తడిమి వాటిని చదవాలి. చిన్ననాడు నేర్చినవారికి అది కంటి చదువుకు తీసిపోదు. కాని అంధులలో అధిక సంఖ్యాకులు పెద్దవయస్సులో చూపు పోయినవారు. నలభై ఏళ్లు నాగలి పట్టిన వ్రేలికి ఆ చిన్న చుక్కలు తెలియవు. మొదటి ప్రపంచ యుద్ధం ఇట్టివారిని గుంపులు గుంపులుగా తయారు చేసింది. వారిలో కొందరికి చేతులు కూడా దెబ్బతిన్నాయి.

ఇయాన్ ఫ్రేజర్ అనే ఆంగ్ల సైనికోద్యోగికి 1916లో సోమ్ యుద్ధంలో గుండు తగిలి రెండు కళ్లూ పోయాయి. అప్పటికి ఆయన వయస్సు పద్దెనిమిది. యుద్ధంలో చూపు పోయిన సైనికులను తీర్చిదిద్దే సెయింట్ డన్‌స్టన్స్ సంస్థకు తర్వాత ఆయనే అధ్యక్షుడై, పలికే పుస్తకంకోసం ఏళ్ల తరబడి పాటుపడ్డాడు. అమెరికాలో ఈ భారం మోసిన రాబర్ట్ ఇర్విన్‌కు ఐదేళ్ల వయస్సునుంచీ చూపు లేదు. ఈ యంత్రాన్ని కోరి, వెంటపడి, సాధించినవారు దాని అవసరం అనుభవించినవారే.

అమెరికా చట్టసభ 1931లో ఒక శాసనం చేసి, వయోజన అంధులకు పుస్తకాలు సమకూర్చడానికి ఏటా లక్ష డాలర్లు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు కేటాయించింది. పుస్తకం అంటే అప్పుడు ఉబ్బెత్తు అక్షరాల పుస్తకమే. 1933లో శాసనాన్ని సవరించి రికార్డులు కొనడానికి కూడా వీలు కల్పించారు. పంతుళ్లు, పండితులు నేటికీ తేల్చుకోలేని ప్రశ్నకు ఒక ప్రభుత్వపు పద్దు ఆనాడే ఈ విధంగా జవాబు చెప్పింది.

ఆ జవాబు అందరికీ రుచించలేదు. అంధుల హక్కులకు పెట్టింది పేరైన హెలెన్ కెల్లర్ కూడా మొదట వెనుకంజ వేసింది. అది ఆర్థిక మాంద్యపు కాలం; కోటి మంది పని లేక తిరుగుతున్నప్పుడు గ్రామఫోనుల కోసం చందాలు అడగడం తనవల్ల కాదని, అవి విలాస వస్తువులని ఆమె అభిప్రాయపడింది. ఆమెకు చూపే కాదు, వినికిడి కూడా లేదు. ఆ యంత్రం ఎంత చక్కగా పలికినా ఆమెకు ఒక్క మాట వినపడదు. అయినా రెండేళ్లలోనే ఆమె మనస్సు మార్చుకొని, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వద్ద ఈ యంత్రాల కోసం వాదించింది. నిరుద్యోగులకు పని కల్పించే పథకం కింద వాటిని తయారు చేయించడానికి 1935లో ఉత్తరువు వెలువడింది. పని లేనివారికి కూలి, చూపు లేనివారికి పుస్తకం ఒకే కర్మాగారంలో లభించాయి.

అదే సంవత్సరం లండనులో ఫ్రేజర్ బృందం తమ గ్రంథాలయాన్ని తెరిచింది. వారి రికార్డు నిమిషానికి 24 సార్లే తిరిగేది. ఒక వైపు 25 నిమిషాలు పలికేది. మొదట వెలువడిన పుస్తకాలలో కాన్రాడ్ వ్రాసిన 'టైఫూన్' ఒకటి, అగాథా క్రిస్టీ వ్రాసిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' మరొకటి. రెండవదాని ఎంపిక తెలిసి చేశారో తెలియక చేశారో గాని, ఆ కథలోని హత్య చిక్కుముడిలో మాటలను పట్టి వినిపించే యంత్రానికి ముఖ్యమైన పాత్ర ఉన్నది. చదివినవారికి ఆ సంగతి జ్ఞాపకం ఉండే ఉంటుంది. చదవనివారికి ఇంతకంటె చెప్పడం న్యాయం కాదు.

రికార్డులు ఇళ్లకు చేరగానే శ్రోతలలోనే తగవు మొదలైంది. చదివేవాడు నటుడిలా ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క గొంతు పెట్టాలని కొందరు కోరారు. అట్లా చేస్తే అది నాటకమే గాని పుస్తకం కాదని, పేజీ మీది అచ్చు ఎంత నిర్వికారంగా ఉంటుందో గొంతు కూడా అంత నిర్వికారంగా ఉండాలని మరికొందరు పట్టుబట్టారు. ఈ రెండవ కోరిక గమనించదగినది. పాత్ర ఏ స్వరంతో పలికిందో ఊహించుకొనే పని పాఠకుడిది. ఆ పని తమ చేతిలోనుంచి ఎవరూ లాక్కోరాదని వారి కోరిక. వినోదం మాత్రమే కావలసినవారికి ఇట్టి పట్టుదల పుట్టదు. పుస్తకాన్ని సంక్షేపించరాదన్నది ఇంకొక నియమం. అచ్చులో ఉన్నది ఉన్నట్లుగా, అట్టమీది మాటలతో సహా చదవాలి. చూపు ఉన్నవారికి దొరికే పుస్తకమే తమకూ దొరకాలి, దాని సారాంశం కాదు. ఈ నియమాన్ని తర్వాత బజారు పాటించలేదు. 1980 తర్వాత కారులో వినడానికి అమ్మిన క్యాసెట్లలో చాలా నవలలను మూడు గంటలకు కుదించి పెట్టారు. వినడం చదవడం కాదన్న చులకన భావం బలపడడానికి అటువంటి క్యాసెట్లు కొంత కారణమని చెప్పవచ్చును. అక్కడ తప్పు కత్తెరది. నింద మాత్రం చెవిమీద పడింది.

చూపు ఉన్నవారికి ఈ మొదటి రికార్డులు అసలు దొరికేవి కావు. అంధులకు తప్ప ఇతరులకు ఇవ్వరాదన్న షరతు మీదనే ప్రచురణకర్తలు అనుమతి ఇచ్చారు. సామాన్యుల వంతు 1952లో వచ్చింది. న్యూయార్కులో ఇద్దరు యువతులు స్థాపించిన కేడ్‌మన్ రికార్డుల సంస్థ కవుల చేతనే వారి రచనలు చదివించి అమ్మింది. 1975లో కాలిఫోర్నియాలో ఒక వ్యాపారి, కారులో ఆఫీసుకు పోయే దీర్ఘ ప్రయాణంలో విసుగు పోగొట్టుకోవడానికి, పూర్తి పుస్తకాలను టేపు మీద అద్దెకిచ్చే పద్ధతి పెట్టాడు. శతాబ్దం ముగిసేలోగా పుస్తకం తంతి దారిన ఇంటికి దిగుమతి అయింది. ఎడిసన్ కోరిన నలభై వేల మాటలు ఇప్పుడు గోరంత చిప్పులో ఒక మూల కూర్చుంటాయి.

తగవు తీర్చే బాధ్యతను ఇటీవల మనస్తత్వ శాస్త్రజ్ఞులు తీసుకొన్నారు. గఫ్, టన్‌మర్ అనే ఇద్దరు 1986లో ఒక సులభమైన సూత్రం చెప్పారు. చదివి అర్థం చేసుకోవడమంటే రెండు శక్తుల గుణకారం. గుర్తులను మాటలుగా మార్చుకోవడం ఒకటి. ఆ మాటల అర్థం గ్రహించడం రెండవది. ఇది కూడిక కాదు, గుణకారం. అంటే రెండింటిలో ఏది సున్న అయినా ఫలితం సున్న. వినేవాడు రెండవ పనిని పూర్తిగా చేస్తాడు. మొదటి పనిని అతనికోసం వేరొకరు చేసిపెడతారు.

ఆ రెండవ పనిలో చెవికీ కంటికీ తేడా ఉన్నదా? 2016లో అమెరికాలో 91 మందిమీద ఒక ప్రయోగం జరిగింది. ఒకే గ్రంథభాగాన్ని కొందరు విన్నారు, కొందరు చదివారు, కొందరు రెండూ ఒకేసారి చేశారు. వెంటనే పరీక్షించినప్పుడూ, రెండు వారాలకు పరీక్షించినప్పుడూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 2019లో బర్క్‌లీ శాస్త్రజ్ఞులు తొమ్మండుగురి మెదళ్లను పరిశీలించారు. ఒకే కథను విన్నా, చదివినా, మాటల అర్థాలకు స్పందించే ప్రాంతాలు దాదాపు ఒకే విధంగా పనిచేశాయని వారు చూపారు. దీనితో తగవు తీరిపోయిందని పత్రికలు వ్రాశాయి. కాని ఈ ప్రయోగంలో పాఠకుల ముందు మాటలను ఒక్కొక్కటిగా, కథకుడు పలికిన వేగంతోనే తెరపై చూపారు. వేగాన్ని మార్చే వీలు గాని, వెనుకకు చూచే వీలు గాని వారికి లేదు. ఇంట్లో పుస్తకం పట్టుకొన్నవాడు అట్లా చదవడు. అతని కన్ను పది సార్లు ముందుకు దూకితే ఒకసారైనా వెనుకకు దూకుతుంది. కష్టమైన వాక్యం వద్ద నిలబడుతుంది, తేలిక చోట పరుగెత్తుతుంది. 46 పరిశోధనలను కలిపి చూచిన ఒక సమీక్షలో తేలినది కూడా ఇదే. మొత్తంమీద రెండు పద్ధతులకూ తేడా లేదు; కాని పాఠకుడు తన ఇష్టం వచ్చిన వేగంతో చదువుకొన్నచోట చదువుదే కొంచెం పైచేయి. కథ వినేవారికి దీనివల్ల నష్టం ఏమీ లేదు. రసాయన శాస్త్రపు పాఠం వినేవారికి ఉంటుంది.

అసలు చిక్కు మొదటి పనిలో ఉన్నది. అక్షరాలు నేర్చి, ఏళ్ల తరబడి చదివి, తర్వాత చూపు పోయినవాడు విన్నప్పుడు, మొదటి శక్తి అతనిలో ఇదివరకే ఉన్నది. అతడు ఆ పుస్తకం చదివాడనడానికి ఏ ఆక్షేపణా ఉండరాదు. అక్షరం ఎరుగని పసివాని సంగతి వేరు. పుట్టుకతో చూపు లేని బిడ్డకు రికార్డులు, టేపులు ఉన్నాయి గదా అని బ్రెయిలీ నేర్పడం మానితే, ఆ బిడ్డకు దొరికేది కథ మాత్రమే. మాట ఏ అక్షరాలతో కట్టబడిందో, వాక్యంలో విరామం ఎక్కడ ఉన్నదో, పద్యం పాదాలుగా ఎట్లా విరిగిందో తెలియదు. పలికే పుస్తకాన్ని తెచ్చినప్పుడే కొందరు అంధులు ఈ భయం వెలిబుచ్చారు. ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో అమెరికాలో బ్రెయిలీ నేర్చే పిల్లల పాలు బాగా తగ్గిపోవడంతో ఆ భయం నిరాధారం కాదని తేలింది. తగ్గడానికి టేపు ఒక్కటే కారణం కాదు. మామూలు బడులలో బ్రెయిలీ నేర్పే ఉపాధ్యాయుల కొరత కూడా ఉన్నది.

తెలుగులో పలికినట్లే వ్రాస్తాం, కాబట్టి మనకు ఈ చిక్కు లేదని అనుకోరాదు. భారతీయ భాషలన్నింటికీ కలిపి భారతీ బ్రెయిలీ 1951లో ఏర్పడింది. తెలుగు వర్ణమాల కూడా అందులో ఉన్నది. 'బాధ'లో ధకారానికి ఒత్తు ఉన్నదని, శ, ష, స మూడు వేరు వేరు అక్షరాలని వ్రేలితో తడిమిన బిడ్డకు తెలుస్తుంది. మామూలు సంభాషణ విని మాత్రమే పెరిగిన బిడ్డకు ఆ మూడూ ఒకటిగానే వినపడవచ్చును.

చట్టాలు మాత్రం ఇప్పుడు చెవి పక్షానే ఉన్నాయి. 2012లో మన కాపీరైటు చట్టాన్ని సవరించి, వికలాంగులకు అనువైన రూపంలో పుస్తకాలను తయారు చేయడానికి అనుమతించారు. 2013లో మరాకేష్ నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం శ్రవ్య పుస్తకాన్ని కూడా గ్రంథంగానే స్పష్టంగా గుర్తించింది. ఆ ఒప్పందాన్ని ధ్రువీకరించిన మొట్టమొదటి దేశం భారతదేశం. అది 2014లో జరిగింది.

ఇక యంత్రాలు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత సాధనాన్ని 2006లో ప్రారంభించినవాడు ఆస్ట్రేలియాకు చెందిన ఒక అంధ యువకుడు. అది తెలుగు కూడా చదువుతుంది. గొంతు కొంచెం కర్కశంగా ఉన్నా మాట తెలుస్తుంది. దీనికి బ్రెయిలీ పలకను తగిలించవచ్చును. సన్నని పుల్లలు లేచి పడుతూ చుక్కలుగా ఏర్పడే ఆ పలక ఖరీదు మన దేశంలో ఇంకా సామాన్యుడికి అందుబాటులో లేదు. అది ఉన్న విద్యార్థి పాఠాన్ని చెవితో వింటూ పోతాడు. మధ్యలో తెలియని పేరు ఒకటి వస్తుంది. యంత్రాన్ని ఆపి, వ్రేలు పలకమీద పెట్టి, ఆ పేరును అక్షరం అక్షరంగా తడిమి చూచుకొని, మళ్లీ వినడం సాగిస్తాడు.